జేబులో స్ప్రింగ్ చాకు.. ఆన్‌లైన్‌లో కొనడం ఈజీ, చెకింగ్‌లో దొరికితే?

సూర్యాపేట: ఫోన్‌లో రీల్స్ చూస్తుంటే మధ్యలో ఒక వీడియో వస్తుంది. బొటనవేలితో చిన్నగా తోస్తే చాలు, టక్‌మని బ్లేడు బయటికొస్తుంది. కింద ‘ఇప్పుడే కొనండి’ అని లింక్. వారం తిరిగేసరికి కోదాడలోనో మిర్యాలగూడలోనో కొరియర్ బాయ్ పార్సిల్ చేతిలో పెట్టి వెళ్తాడు. లేదంటే డాలస్ నుంచి వచ్చిన బావ సూట్‌కేస్‌లోంచి చాక్లెట్లతో పాటు ఒకటి తీసి ఇస్తాడు. కొనేటప్పుడు లైసెన్సు ఏదని అడిగేవాళ్లుండరు. మరి అదే చాకు జేబులో పెట్టుకుని అర్ధరాత్రి బైక్ మీద వెళ్తుంటే, హైవే మీద వాహన తనిఖీలో పోలీసులు ఆపితే పరిస్థితి ఏంటి?

దీనికి చాలామంది చెప్పే జవాబు ఒక్కటే. ‘తొమ్మిది అంగుళాల లోపు ఉంటే ఏం కాదు బ్రో’. అమ్మేవాళ్లూ అదే రాస్తున్నారు, వీడియోల కింద కామెంట్లలోనూ అదే. ఈ మాట సగమే నిజం. మిగతా సగం తెలియకపోవడం వల్లే కుర్రాళ్లు స్టేషన్ మెట్లెక్కాల్సి వస్తుంది.

ముందు ఈ చాకు ఏంటో చూద్దాం. మన దగ్గర ‘బటన్ కత్తి’ అంటే అందరికీ తెలుసు. పిడి మీద బటన్ నొక్కితే బ్లేడు దానంతటదే తెరుచుకుంటుంది. ఇప్పుడు ఆన్‌లైన్‌లో వస్తున్నది కాస్త వేరు. దీనికి బటన్ ఉండదు. బ్లేడుకే ఒక చిన్న బుడిపె గానీ, వెనక వైపు ఒక కొక్కెం గానీ ఉంటుంది. దాన్ని వేలితో కొంచెం తోయాలి. ఆ కొద్దిపాటి తోపు పడ్డాక లోపలున్న స్ప్రింగ్ అందుకుని మిగతా పని పూర్తి చేస్తుంది. అంటే మొదలుపెట్టేది మీ వేలు, ముగించేది స్ప్రింగ్. మూసి ఉన్నప్పుడు మాత్రం అదే స్ప్రింగ్ బ్లేడును లోపలే పట్టి ఉంచుతుంది.

అమెరికాలో ఈ తేడాకు పెద్ద విలువే ఉంది. అక్కడ 1958లో వచ్చిన ఫెడరల్ చట్టం బటన్ కత్తుల అంతర్రాష్ట్ర వ్యాపారాన్ని అడ్డుకుంది. 2009లో దానికి సవరణ తెచ్చి, మూసి ఉంచే బలాన్ని చేత్తో దాటించి తెరిచే చాకులను ఆ నిషేధం నుంచి తప్పించారు. అందుకే అక్కడి కంపెనీలు వీటిని ధైర్యంగా అమ్ముతున్నాయి, మన బావ ధైర్యంగా కొంటున్నాడు. టెక్సాస్‌లో అయితే 2017 సెప్టెంబర్ నుంచి ఐదున్నర అంగుళాలు దాటిన బ్లేడుకే ప్రధానంగా ఆంక్షలు, అవీ కొన్ని చోట్లే. అదే బ్రిటన్‌కు వెళ్తే కథ తారుమారు. అక్కడ 2019 చట్టం ఈ స్ప్రింగ్ సాయం చాకులను కూడా నిషేధిత కత్తుల నిర్వచనంలోకి లాగేసింది. 2021లో అమల్లోకి వచ్చాక జేబులో కాదు, ఇంట్లో ఉంచుకోవడం కూడా నేరమే. డాలస్‌లో కొన్న చాకును లండన్‌లో చదివే తమ్ముడికి పంపడం అంటే వాడికి కేసు పార్సిల్ చేసినట్టే.

ఇక మన చట్టం సంగతి. ఇక్కడ ఆధారం 1959 ఆయుధాల చట్టం, దాని కింద 2016లో వచ్చిన ఆయుధాల నిబంధనలు. ఆ నిబంధనల మొదటి షెడ్యూల్‌లో ఐదో కేటగిరీ అని ఒకటుంది. తుపాకులు కాని ఆయుధాల జాబితా అది. 9 అంగుళాల కంటే పొడవు లేదా 2 అంగుళాల కంటే వెడల్పు ఉన్న బ్లేడు కత్తులు అందులోకి వస్తాయి. ఇంటి పనికీ, వ్యవసాయానికీ, శాస్త్ర, పారిశ్రామిక అవసరాలకూ తయారైనవాటికి మినహాయింపు. మన గీత కార్మికుల కత్తి, పొలంలో కొడవలి, వంటింటి కత్తిపీట ఈ మినహాయింపు వల్లే లైసెన్సు గోల లేకుండా ఉన్నాయి. 9 అంగుళాల లెక్క పుట్టింది ఇక్కడే.

మూడు, మూడున్నర అంగుళాల మడత చాకు ఆ కొలతకు చాలా దూరంలో ఉంది. మరి సమస్య ఎక్కడ?

మొదటిది, అదే కేటగిరీలో బాకుల పేరు విడిగా ఉంది. ఎవరో ‘టాక్టికల్’ అని పేరు పెట్టి రెండు వైపులా పదును, సూదిలాంటి మొన ఉన్న చాకు అమ్మితే అది బాకు కిందికి వస్తుందా రాదా అన్న వాదన మొదలవుతుంది. రెండోది, చట్టంలో ‘ఆయుధం’ నిర్వచనమే కొలతను బట్టి లేదు. దాడికో ఆత్మరక్షణకో ఆయుధంగా తయారు చేసినదా, అలా మార్చినదా అన్నదే అందులో ముఖ్యం. పెట్టె మీద ‘సెల్ఫ్ డిఫెన్స్’ అని కంపెనీయే అచ్చు వేసి ఇస్తే, ఇది యాపిల్ కోసుకునే చాకు సార్ అని మీరు చెప్పే మాట ఎవరు నమ్ముతారు? ప్రకటన కోసం వాళ్లు వాడిన పదం రేపు మీకు వ్యతిరేకంగా కాగితం మీదికి వస్తుంది.

మూడోది స్ప్రింగ్. మన ఆయుధాల నిబంధనల్లో ‘స్ప్రింగ్ సాయంతో తెరుచుకునే చాకు’ అని విడిగా ఒక తరగతి లేదు. కాబట్టి అమెరికాలో దొరికిన వెసులుబాటు ఇక్కడ అడిగే వీల్లేదు. ఢిల్లీలో 1980 నాటి నోటిఫికేషన్ ఒకటుంది. స్ప్రింగ్‌తో, బటన్‌తో, లేదా మరే యాంత్రిక పద్ధతిలో అయినా తెరుచుకునే చాకు, బ్లేడు 7.62 సెంటీమీటర్లు ఆపైన పొడవు, 1.72 సెంటీమీటర్లు ఆపైన వెడల్పు ఉంటే దాని పరిధిలోకి వస్తుంది. 7.62 సెంటీమీటర్లు అంటే సరిగ్గా మూడు అంగుళాలు. మార్కెట్లో దొరికే స్ప్రింగ్ చాకులు ఎక్కువ శాతం ఆ గీత మీదో, ఆ గీత దాటో ఉంటాయి. బస్సెక్కి ఢిల్లీలో కోచింగ్‌కు వెళ్లే మన పిల్లలకు ఈ సంగతి ఎవరు చెప్తున్నారు?

ఆ ఢిల్లీ నోటిఫికేషన్ మీదే 2025లో సుప్రీంకోర్టు ఒక కీలక తీర్పు ఇచ్చింది. బటన్ కత్తి దొరికిందని ఒక వ్యక్తి మీద పెట్టిన కేసును కొట్టేసింది. నోటిఫికేషన్ చెప్పేది తయారీ, అమ్మకం, అమ్మడానికి దగ్గర ఉంచుకోవడం గురించి. అతను అమ్మడానికి పెట్టుకున్నాడని ఛార్జిషీటులో ఆరోపణే లేనప్పుడు కేసు ఎలా నిలుస్తుందన్నది కోర్టు మాట. మంచి తీర్పే. కానీ ఒక చాకు కోసం మనిషి సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చిందన్న సంగతి కూడా చూడాలి.

మన వైపు ఎఫ్ఐఆర్‌లో ఆయుధాల చట్టం సెక్షన్ 25(1బి)(బి) కనిపిస్తే లాయర్ అడిగే మొదటి ప్రశ్న ఒకటుంది. ఆ సెక్షన్ నిలబడాలంటే సెక్షన్ 4 కింద ఆ ప్రాంతానికి, ఆ రకం ఆయుధానికి వర్తించే గెజిట్ నోటిఫికేషన్ ఉండాలి. అది ఏది, ఎప్పటిది, అందులో చాకు వర్ణన ఏముంది? దాన్ని కోర్టు ముందు పెట్టలేక వీగిపోయిన కేసులున్నాయి. పంచనామాలో బ్లేడు కొలత సెంటీమీటర్లలో రాశారా, పిడితో కలిపి కొలిచారా అన్నది కూడా అక్కడే తేలుతుంది. పిడితో కలిపి ఏడున్నర అంగుళాలున్న చాకు బ్లేడు వరకే చూస్తే మూడుంబావే ఉండొచ్చు.

ఇదంతా ఆయుధాల చట్టం వరకే. సూర్యాపేట, నల్గొండ జిల్లాల్లో ఉండేవాళ్లకు బాగా తెలిసిన ప్రకటన ఇంకొకటి ఉంది. ‘జిల్లాలో 30, 30(ఎ) పోలీస్ యాక్ట్ అమలు’ అని వార్త వస్తుంటుంది. అనుమతి లేకుండా సభలు, ర్యాలీలు వద్దని చెప్పి, కత్తులు, చాకులు, కర్రలు, జెండా కర్రలు పట్టుకు తిరగొద్దని అందులోనే చెబుతారు. నిజానికి 1861 నాటి ఆ సెక్షన్ మాట్లాడేది సభలు, ఊరేగింపుల నియంత్రణ గురించి. అయినా జనానికి చేరేది మాత్రం ‘చాకు పట్టుకుంటే కేసు’ అనే. ఎన్నికలప్పుడో, గొడవల సమయంలోనో బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 163 కింద, అంటే పాత 144 కింద ఉత్తర్వులు వస్తే అది ఇంకా గట్టిది. ఉల్లంఘిస్తే బీఎన్ఎస్ 223 ఉంది. అప్పుడు మీ బ్లేడు మూడు అంగుళాలా ముప్పావు అంగుళమా అని ఎవరూ చూడరు, ఉత్తర్వులో చాకు అని రాసి ఉంటే చాలు.

స్థలం, సమయం, సందర్భం ఎంత ముఖ్యమో మన జిల్లాలో చెప్పక్కర్లేదు. రెండేళ్లకోసారి దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరకు లక్షల మంది వస్తారు. అక్కడ మొక్కు మేకను కోసే కత్తి చూసి ఎవరూ ఉలిక్కిపడరు. అదే జాతరలో, తోపులాటలో ఉన్న కుర్రాడి జేబులోంచి టక్‌మని తెరుచుకునే నల్ల చాకు బయటపడితే? ఇనుము అదే, అర్థం వేరు. మిర్యాలగూడ రైస్ మిల్లులో బస్తా కుట్టు కోసే హమాలీ దగ్గర, జాతీయ రహదారి 65 మీద టార్పాలిన్ తాడు కోసే లారీ డ్రైవర్ దగ్గర చాకు ఉందంటే పని కనిపిస్తుంది. బార్ ముందు గొడవలో అదే చాకు దొరికితే పని కనిపించదు, ఉద్దేశం కనిపిస్తుంది. తీసి బెదిరిస్తే బీఎన్ఎస్ 351, గాయమైతే 118. ఇక్కడితో ఆయుధాల చట్టం చర్చ వెనక్కి పోతుంది.

కోదాడ వాళ్లకు ఇంకో చిక్కు. రామాపురం క్రాస్‌రోడ్ దాటి గరికపాడు వైపు వెళ్తే రాష్ట్రం మారుతుంది. ఆయుధాల చట్టం దేశమంతటా ఒకటే గానీ, స్థానిక ఉత్తర్వులు వేరు. ఉదయం సూర్యాపేట జిల్లాలో ఏ ఉత్తర్వూ లేకపోవచ్చు, అరగంట తర్వాత జగ్గయ్యపేట దగ్గర ఉండొచ్చు.

అసలు నష్టం శిక్ష కాదు. చాలా కేసులు చివరికి ఏమవుతాయన్నది తర్వాతి సంగతి, పెండింగ్‌లో ఉన్నంత కాలం అది మనిషిని వదలదు. పాస్‌పోర్టుల చట్టం సెక్షన్ 6(2)(ఎఫ్) ప్రకారం క్రిమినల్ కేసు కోర్టులో నడుస్తుంటే పాస్‌పోర్టు నిరాకరించే అధికారం ఉంది. కోర్టు అనుమతి తెచ్చుకుంటే దారి దొరుకుతుంది, కానీ ఆగస్టులో అమెరికా యూనివర్సిటీలో చేరాల్సిన పిల్లాడికి వాయిదాల మీద వాయిదాలు ఆగవు కదా. కానిస్టేబుల్ ఉద్యోగానికి రన్నింగ్ ప్రాక్టీస్ చేసే కుర్రాడికి అయితే ధృవీకరణ పత్రంలో ఆ కేసు రాయాల్సిందే. దాచిపెడితే ఇంకో తప్పు. బైండోవర్ అయితే ఊళ్లో పేరు ఎలాగూ పోతుంది. పన్నెండు వందల రూపాయల సరదాకు ఇంత ఖర్చు.

సరే, ఇన్ని తెలిసీ పని కోసమే కొన్నారనుకుందాం. అప్పుడు వారంటీ. ‘లైఫ్‌టైమ్ వారంటీ’ అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. ఇక్కడ మూడు చిక్కులున్నాయి. విదేశీ బ్రాండ్ల వారంటీ చాలావరకు మొదట కొన్న మనిషికే. బిల్లు బావ పేరు మీద ఉంటే, గిఫ్ట్ తీసుకున్న మీకు హక్కు ఉండకపోవచ్చు. తయారీ లోపానికే వారంటీ వర్తిస్తుంది గానీ తుప్పుకు, డబ్బా మూత తీస్తూ విరగ్గొట్టిన మొనకు కాదు. ఇక టార్క్స్ అనే నక్షత్రం ఆకారపు స్క్రూలు విప్పి లోపల చూస్తే కొన్ని కంపెనీలు అక్కడితో చేతులు దులుపుకుంటాయి.

అన్నిటికంటే పెద్ద చిక్కు, రిపేర్‌కు అమెరికా పంపడం. చాకు అనగానే కొరియర్ వాళ్లు వెనక్కి తగ్గుతారు. ఎలాగో వెళ్లినా తిరిగొచ్చేటప్పుడు కస్టమ్స్ ఉంది. విదేశాల నుంచి ఆయుధాలు తెప్పించాలంటే ఆయుధాల చట్టం సెక్షన్ 10 ప్రకారం లైసెన్సు కావాలి. మీ చాకు ‘ఆయుధమా, పనిముట్టా’ అన్న అదే ప్రశ్నను ఈసారి కస్టమ్స్ అధికారి అడుగుతాడు. సమాధానం తేలేదాకా పార్సిల్ అక్కడే. 2018లో మహారాష్ట్రలోని ఔరంగాబాద్‌లో ఆన్‌లైన్ ఆర్డర్ల మీద కొరియర్‌లో వచ్చిన కత్తులను పోలీసులు పట్టుకున్న తర్వాత, పార్సిల్‌లో చాకు అంటే అనుమానంగా చూడటం మామూలైంది.

ఈ రకం చాకులో త్వరగా దెబ్బతినే భాగాల్లో స్ప్రింగ్ ఒకటి. మన దుమ్ము, చెమట, బత్తాయి రసం లోపల చేరి ఇరుసు దగ్గర బిగుసుకుంటుంది. అప్పుడు చాలామంది ‘పోనీలే, స్ప్రింగ్ లేకపోయినా చేత్తో తెరుచుకోవచ్చు’ అని అలాగే వాడతారు. జాగ్రత్త. కొన్ని మోడళ్లలో బ్లేడును లోపల మూసి పట్టుకునేది కూడా ఆ స్ప్రింగే. అది విరిగితే జేబులోనే బ్లేడు తెరుచుకునే ప్రమాదం ఉంది. తొడకు తగిలేదాకా తెలియదు.

దేశంలో అమ్మిన సరుకైతే మీ చేతిలో ఆయుధం వేరే ఉంది, అది వినియోగదారుల రక్షణ చట్టం 2019. ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం అమ్మేవాడి పేరు, చిరునామా, ఏ దేశంలో తయారైంది, ఫిర్యాదుల అధికారి ఎవరు అన్నవి చూపించాల్సిందే. ఇచ్చిన వారంటీ నెరవేర్చకపోతే 1915కు ఫోన్ చేయొచ్చు. అక్కడ తేలకపోతే రెండేళ్ల లోపు జిల్లా కమిషన్‌కు వెళ్లొచ్చు. మీరు ఉండే చోటే కేసు వేసే వీలుంది, 5 లక్షల లోపు విలువకు ఫీజు లేదు. నకిలీ బ్రాండు అంటగట్టిన వాడి మీద కూడా ఇదే దారి. బిల్లు మాత్రం భద్రంగా ఉంచుకోండి. బిల్లు ఇంకోందుకూ పనికొస్తుంది, ఎక్కడ కొన్నావని పోలీసులు అడిగితే చూపించడానికి.

మా లెక్కలో అయితే పని కోసం చాకు కావాలనుకునేవాళ్లకు స్ప్రింగ్ అక్కర్లేదు. రెండు చేతులతో తెరిచే మామూలు మడత చాకు, లేదా కత్తెర, స్క్రూడ్రైవర్ కలిసి ఉండే స్విస్ రకం చాకు తాడూ కోస్తుంది, డ్రిప్ పైపూ కోస్తుంది. చూసేవాడికి పనిముట్టులాగే కనిపిస్తుంది. శంషాబాద్‌లో విమానం ఎక్కేటప్పుడు మాత్రం అది కూడా చేతి సంచిలో కుదరదు, చెక్-ఇన్ లగేజీలోనే.

ఇప్పటికే స్ప్రింగ్ చాకు కొనేసినవాళ్లు దాన్ని పని చోటే, పనిముట్ల పెట్టెలోనే ఉంచండి. జేబులో, బైక్ డిక్కీలో వద్దు. తనిఖీలో ఆపితే ముందే నోటితో చెప్పండి. ‘ఎలా పనిచేస్తుందో చూడండి సార్’ అని మీరే టక్‌మనిపించొద్దు. స్వాధీనం చేసుకుంటే ఏం రాశారో చదివాకే సంతకం పెట్టండి, బ్లేడు కొలత ఉందో లేదో చూడండి. ఎఫ్ఐఆర్‌లను 24 గంటల్లో వెబ్‌సైట్‌లో పెట్టాలని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి కాపీ అక్కడ వెతకండి. లాయర్‌ను పెట్టుకునే స్తోమత లేకపోతే న్యాయ సేవల హెల్ప్‌లైన్ 15100.