కాలేజీ కన్నా ముందు సాధన

ఇంటర్ ఫలితాలు వచ్చిన దగ్గర్నుంచి జూన్‌లో అడ్మిషన్లు మొదలయ్యేదాకా ఏటా ఇదే ప్రశ్న. "మా అమ్మాయి బాగా పాడుతుందండీ. మ్యూజిక్ కాలేజీలో చేర్పించమంటారా, ఇంజనీరింగ్‌లోనే వేసెయ్యమంటారా?" ఆ తల్లిదండ్రుల ఆశా నిజమే, భయమూ నిజమే. నేను తిరిగి ఒక్కటే అడుగుతాను: ఎవరూ గుర్తుచెయ్యకుండా ఆ పిల్ల పొద్దున్నే సాధనకి కూర్చుంటుందా?

"బాగా పాడుతుంది" అన్న మాట వెనక చాలాసార్లు ఉండేది కరోకే. పెళ్ళిలోనో అపార్ట్‌మెంటు వినాయక చవితి పందిట్లోనో ట్రాక్ పెట్టుకుని పాడితే శ్రుతినీ లయనీ ఆ ట్రాకే మోస్తుంది. అది తీసేసి, శ్రుతిపెట్టె ఒక్కటే పెట్టి, చేత్తో ఆదితాళం వేస్తూ మాయామాళవగౌళలో సరళీ స్వరాలు మూడు కాలాల్లో పాడమనండి. మూడో కాలానికి వచ్చేసరికి తాళం పరుగెత్తుతుందా? పై షడ్జం దగ్గర గొంతు శ్రుతిలో నిలుస్తుందా, కిందికి జారుతుందా? పది నిమిషాల్లో తెలిసిపోతుంది. జారిందని బెంగపడనక్కర్లేదు, అది సాధనతో కుదురుకుంటుంది. జారినట్టు పిల్లకే వినబడుతుందా లేదా అన్నది అసలు పరీక్ష. వినబడిన పిల్ల తనే సరిచేసుకుంటుంది.

సంగీతం చెప్పే ఎవరినైనా కదిపి చూడండి. యూట్యూబ్‌లో విని పది కృతులు నేర్చుకుని వచ్చిన పిల్లని మళ్ళీ సరళీ, జంట స్వరాలకి తీసుకురావడం ఎంత కష్టమో చెబుతారు. పిల్లకి చిన్నతనంగా ఉంటుంది, ఇంట్లోవాళ్ళకి కోపం వస్తుంది. కానీ పురందరదాసు పేరుతో మనకి అందిన ఈ వరసలో ఒక్క మెట్టు కూడా దండగ కాదు. దాటు స్వరాలు గొంతుకి దూరాలు నేర్పుతాయి. అలంకారాలు సప్తతాళాలనీ చేతికి ఎక్కిస్తాయి. గీతంతో సాహిత్యం మొదలవుతుంది. గమకం నిజంగా పట్టుబడేది వర్ణంలో; వర్ణం రెండు కాలాల్లో నిలకడగా పాడగలిగితే కృతికి తలుపు తెరుచుకున్నట్టే. కాబట్టి కాలేజీలో చేరే ముందు ఏడాదిలో కొత్త పాటల లెక్క పెంచకండి. అకార సాధన, మూడు కాలాలు, రెండు మూడు వర్ణాలు. అంతే చాలు.

మగపిల్లల సంగతి విడిగా చెప్పాలి. పదమూడు, పద్నాలుగేళ్ళకి గొంతు మారుతుంది. నిన్నటిదాకా అయిదో శ్రుతిలో పాడిన పిల్లవాణ్ణి అక్కడే పాడమని బలవంతపెడితే గొంతు దెబ్బతింటుంది. ఆ రోజుల్లో శ్రుతి దించాలి, తక్కువ పాడాలి, ఎక్కువ వినాలి. ఆ వయసులో సంగీతం మానేసిన వాళ్ళు ఎంతమందో. కొంచెం ఓపిక పడితే అందులో చాలామంది నిలిచేవాళ్ళని నా నమ్మకం.

కాలేజీకి ముందు తయారీ అంటే ఏమిటో విజయనగరం కథ చెబుతుంది. అక్కడ సంగీత కళాశాల 1919లో మొదలైంది. తొలి అధ్యక్షులు ఆదిభట్ల నారాయణదాసు. వయొలిన్ విద్యార్థిగా చేరదామని వచ్చిన ద్వారం వెంకటస్వామి నాయుడి వాయింపు విని ఆయన్ని అక్కడే ఆచార్యుడిగా తీసుకున్నారని చెబుతారు. గాయకుడు ఘంటసాల తన చేతి ఉంగరం అమ్మి ఆ ఊరు చేరేసరికి కళాశాలకి సెలవులు. ఆ కుర్రవాణ్ణి పట్రాయని సీతారామశాస్త్రి గారు చేరదీసి పాఠం చెప్పారు; ఇంటింటా మధూకరం ఎత్తుకుని అతను చదువుకున్నాడు. ఈ కథ చెప్పేవాళ్ళు ఉంగరం దగ్గర, ఆకలి దగ్గర ఆగిపోతారు. అంతకు ముందే ఘంటసాల చిన్నప్పుడు తండ్రి వెంట తిరుగుతూ తరంగాలు పాడాడు, తండ్రి పోయాక సంగీతం కోసం పండితుల ఇళ్ళలో పనులు చేశాడు. విజయనగరం చేరేనాటికే ఆ తయారీ ఉంది. మన పిల్లలకి ఆకలి అక్కర్లేదు, ఆ తయారీ కావాలి.

ఇక బతుకుతెరువు. కచేరీల మీదే ఇల్లు నడిపేవాళ్ళు కర్ణాటక సంగీతంలో బహు కొద్దిమంది. ఈ నిజం పిల్లకి పదహారేళ్ళప్పుడే చెప్పాలి. కేంద్రీయ, నవోదయ విద్యాలయాల్లో సంగీతం టీచరు పోస్టులున్నాయి కానీ కొన్నే. ఆకాశవాణి గ్రేడు గౌరవమే, జీతం కాదు. ఇంటి దగ్గర పాఠాలు, అమెరికాలోని తెలుగు పిల్లలకి ఆన్‌లైన్ పాఠాలు ఈ రోజున చాలామంది కళాకారులకి అసలు ఆధారం. పాఠం చెప్పడం ఇష్టంలేని పిల్ల ఈ దారిలో చాలా ఇబ్బంది పడుతుంది.

అందుకే నా అభిప్రాయం ఇది. మన ప్రభుత్వ సంగీత కళాశాలల్లో సర్టిఫికెట్ నాలుగేళ్ళు, ఆ పైన డిప్లొమా రెండేళ్ళు. సాయంత్రం తరగతులు నడిచేచోట డిగ్రీ చదువుతూనే సర్టిఫికెట్ పూర్తిచెయ్యొచ్చు. ఎక్కువమందికి అదే సరైన దారి. ఆ నాలుగేళ్ళలో సాధన తగ్గకపోతే అప్పుడు డిప్లొమా గురించో, విశ్వవిద్యాలయంలో సంగీతం ఎం.ఏ. గురించో ఆలోచించండి. మొదటి రోజు నుంచే సంగీతం తప్ప ఇంకేదీ పట్టని పిల్లలు అరుదుగా ఉంటారు. వాళ్ళని మాత్రం ఇంజనీరింగ్ పేరుతో ఆపకండి.

ఈ జూన్‌లో దరఖాస్తు నింపేముందు పిల్లని వెంటబెట్టుకుని దగ్గర్లోని సంగీత కళాశాలకి వెళ్ళండి. అనుమతి అడిగి ఒక గంట తరగతిలో కూర్చోండి. పిల్ల చేత అక్కడి గురువుగారి ముందు పాడించండి. "ఇంకో ఏడాది స్వరాలు సాధన చేయించి తీసుకురండి" అని ఆయన అంటే, కష్టపెట్టుకోకుండా ఆ మాట వినండి.