మట్టి గవాహీ

మొన్న సైనిక్‌పురిలో ఒక దావత్‌లో బాద్‌షాహీ అషూర్‌ఖానా మాట తీస్తే ఓ బుజుర్గ్ నవ్వారు: "పాత పెంకుల కోసం ఇంత హంగామా ఎందుకు బేటా?"

జవాబు మెక్సికోలో ఉంది చచ్చా. 1562లో మానీ ఊళ్లో దియేగో దె లాండా అనే పాద్రీ మాయా జాతి కితాబులు తగలబెట్టించాడు. నేడు మిగిలినవి నాలుగే. కానీ హాయ్‌నా దీవి ఖబర్లలో దొరికిన జానెడు మట్టిబొమ్మలు ఆ జాతి చెహరా, లిబాస్, మగ్గం ఇప్పటికీ చూపిస్తున్నాయి.

మన అషూర్‌ఖానా గోడల మీది 1611 నాటి రంగు టైల్సూ అలాంటి గవాహీనే. 1908 మూసీ తుగ్యానీలో కింది భాగం దెబ్బతింటే రంగులు పూసి సర్దారు. పైనున్నవీ పోతే?

మన పిల్లల్లో ఉర్దూ కితాబు చదవగలిగేవాళ్లెందరు? వాళ్లకు మిగిలేది ఆ గోడే. చార్మినార్‌లో గాజులు కొని తిరిగొచ్చేముందు, ఒక్కసారి వాళ్లను దాని ముందు నిలబెట్టండి.