దల్మా నీడలోని పిల్లలకు సముద్రమును నేర్పవలెను

జంషెడ్‌పూరు పిల్లలకు పర్వతారోహణము క్రొత్త విద్య కాదు. 1984లో ఎవరెస్టు శిఖరము నధిరోహించిన బచేంద్రీ పాల్ ఈ నగరమందే టాటా స్టీలు సాహస సంస్థకు సారథ్యము వహించి, యెందరినో కొండలకు పంపిరి. ఇచ్చటి గృహిణియే యైన ప్రేమలతా అగర్వాల్ 2011లో, 48వ యేట, ఆ శిఖరమునే చేరిరి. అట్టి నగరము తన పిల్లలకు సముద్రమున మునుగు విద్యను కూడ, అందును పడవపైనుండి దుముకుట కాక ఒడ్డునుండి నడచిపోయి దిగు విద్యను, నేర్పవలెనని నా యభిప్రాయము. సముద్రమే లేని యూరికి ఈ గొడవ యేల యని యడుగువారికి దల్మా కొండనే చూపుదును.

ఏనుగులకు నెలవైన ఆ పర్వతశ్రేణి, నూరుకోట్ల యేండ్లకు పైబడిన ప్రాచీనకాలమున, సముద్రగర్భమందు పెల్లుబికిన లావాతో నిర్మితమైనది. కరగిన శిల చల్లని నీటిని తాకినంతనే పైపొర గట్టిపడి, లోపలి ద్రవము దానిని చీల్చుకొని మరియొక ముద్దగా వెలువడి, తలగడలను పేర్చినట్లు రాళ్ళేర్పడును. అట్టి రాళ్ళు దల్మాలో నేటికిని గలవు. అవి పుట్టిననాడు ప్రవాళము లేదు, చేప లేదు, అసలు జంతుజాలమే లేదు. అట్టి శిలలపై ప్రాణము నిండిన తీరు చూడగోరువారు ఉష్ణమండల ద్వీపముల నల్లని తీరములకు పోవలెను.

ఇండోనేషియాలోని బందా ద్వీపములందు 1988లో అగ్నిపర్వతము బ్రద్దలై, లావా సముద్రములోనికి పారి, అచ్చటి ప్రవాళమును కప్పివేసినది. ఐదేండ్లలోనే ఆ క్రొత్తశిలపై 124 జాతుల ప్రవాళములు పెరిగి, నూటికి 60 పాళ్ళకు పైగా దాని నాక్రమించినవని శాస్త్రజ్ఞులు కొలిచి చెప్పిరి. నీటిలో కొట్టుకొనివచ్చు ప్రవాళ డింభకమునకు కదలని యాధారము కావలెను. ఇసుక ఈయలేని యాధారమును లావా యిచ్చును.

బాలిలోని తులాంబెన్ తీరము మరియొక యుదాహరణము. 1942లో టార్పెడో దెబ్బతిని యొడ్డుచేరిన లిబర్టీ యను అమెరికా నౌకను, 1963లో ఆగుంగ్ పర్వతము విజృంభించి నీటిలోనికి నెట్టగా, నేడది యొడ్డునుండి ఈది చేరదగినంత దూరమున ప్రవాళములతో నిండియున్నది. అచ్చటి స్త్రీలు గాలిసిలిండర్లను తలపై మోయుచు గుండ్రని నల్లరాళ్ళమీదుగా నడచిపోవుదురు. దిగువాడు నడుములోతు నీటిలో తోడివాని భుజము పట్టి యీతరెక్కలు తొడిగికొని, అల వెనుదీయు తరుణము చూచి ముందునకు వ్రాలవలెను. పది మీటర్లు దిగునప్పటికి పీడనము రెట్టింపగును గనుక చెవులను మాటిమాటికి సర్దుకొనవలెను. ఊపిరి బిగబట్టి పైకి లేవనే రాదు. తొందర కిందు తావు లేదు. లంగరు తగిలి ప్రవాళము విరుగు భయమును లేదు.

మనవారికి నేడు దొరకుచున్నది వేరు. అండమాను విహారమునకు పోయినవారిని, ఈత రాకున్నను, శిక్షకుడు చేయిపట్టి కొంతసేపు నీటిలో త్రిప్పి, ఫోటో తీసి పంపును. ఆ యానందమును నేను కాదనను. కాని, కాలానించినచో విరుగునది దశాబ్దములపాటు పెరిగిన ప్రాణియని ఆ కొంతసేపటిలో బోధపడదు. 2010లో సముద్రపు వేడికి తాళలేక అక్కడి ప్రవాళములు విరివిగా పాలిపోయినవి. ఇక, శతాబ్దమున్నరకు మించిన నిద్ర వీడి 1991లో మండిన అండమాను అగ్నిపర్వతమగు బారెన్ ద్వీపమున, అనుమతి లేక కాలిడరాదను కట్టుబాటును యాత్రావ్యాపారము కొరకు సడలింపనే కూడదు. నేర్చుకొనుటకు వేరు తీరములు గలవు.

ఈ నగరపు తెలుగువారిలో పలువురి పూర్వులు ఉక్కుకర్మాగారపు పనికై ఉత్తరాంధ్రమునుండి వచ్చినవారు. సెలవులకు పోయిన వారి మనుమలు భీమిలి యొడ్డున మోకాలిలోతు నీటినుండియే మరలివచ్చుచున్నారు. కొండ శిబిరములు నడపు సంస్థలు ఈ పిల్లలకు తొలుత దల్మా రాళ్ళను చూపి, పిదప ఈతకొలనులో సిలిండరుతో ఊపిరి తీయుట నేర్పి, సముద్రము నెమ్మదించిన మాసములలో విశాఖ ఋషికొండకు కొనిపోవలెను. మొదటి శిబిరమునకు పదిమంది చాలుదురు. కొలనును, శిక్షకుని వేతనమును సమకూర్చుట ఈ నగరమునకు భారము కాదు.