మన బాలికలు: తరగతి ప్రసంగమున కేది విషయము?

నిమ్మనపల్లె నుండి మదనపల్లె కళాశాలలకు పోయి వచ్చు బాలిక యొకతెను తలచుకొనుడు. సాంకేతిక విషయ మొకదానిని గూర్చి తరగతి యెదుట పది నిమిషములు ప్రసంగింపవలెనని ఉపాధ్యాయు లాదేశించిరి. ఇంటికి వచ్చి, "అమ్మా, నేనేమి మాట్లాడుదును?" అని యడిగినది. "నాకేమి తెలియునే తల్లీ, నీవలె చదువుకొన్నదాననా?" అని తల్లి తప్పుకొన్నది. సోదరీమణులారా, పొరపాటు ఇచ్చటనే జరుగుచున్నది.

తల్లి తప్పుకొనగానే పిల్ల కృత్రిమ మేధ యనియో, అంతరిక్ష నౌక యనియో పట్టుకొని, సెల్‌ఫోనులో దొరకిన వాక్యములను వల్లించును. ఆ విషయములు చెడ్డవి కావు. కాని వినువారును అవే వాక్యములను చదివియుందురు. ఒక్క ప్రశ్న వేసినచో పిల్ల తెల్లబోవును. ఊరికి సమీపముననే బాహుదా జలాశయ మున్నది. అదియు మంచి విషయమే గాని, దానిని తరగతిలోనికి తీసికొనిపోలేము గదా!

టమాటాను తీసికొనిపోవచ్చును. మన చేలలోని కాయ మదనపల్లె మార్కెట్టు చేరి, అచ్చటినుండి లారీలలో దూరదేశములకు పోవును. బాగుగ పండినది దారిలో చితికిపోవును గనుక, కొంచెము రంగు తిరుగగానే కోయుదురు. చెట్టునుండి వేరైన పిదప అది యెట్లు పండుచున్నది? ఈ ప్రశ్నకు ఆవులించువా రుండరు.

పండనున్న టమాటా ఇథిలీను అను వాయువును విడుచును. ఆ వాయువు దానిని, ప్రక్కనున్నవానిని గూడ పండించును. మామిడికాయలను గడ్డిలో మాగవేసిన మన పెద్దలు ఈ వాయువునే బయటికి పోనీయక నిలిపిరి. పేరు మాత్ర మెఱుగరు. 19వ శతాబ్దమున ఐరోపా పట్టణములలో వీధిదీపముల గ్యాసు కారినచోట చెట్ల ఆకులు రాలుచుండెను. ఆ గ్యాసులో మొక్కలపై పనిచేయునది ఇథిలీనేయని 1901లో రష్యా శాస్త్రజ్ఞుడు నెల్జుబోవ్ కనుగొనెను. పండ్లే దానిని పుట్టించునని 1934లో ఇంగ్లండున గేన్ నిరూపించెను.

ప్రసంగమునకు నాలుగు దినముల ముందు, ఒకే దినమున కోసిన, అప్పుడే రంగు తిరిగిన మూడు కాయలను తీయవలెను. ఒకటి అరటిపండుతో కాగితపు సంచిలో, ఒకటి బల్లపై, ఒకటి ఫ్రిజ్‌లో ఉంచవలెను. సుమారు 12 డిగ్రీలకు తక్కువైన చలిలో పండుట మందగించును, సువాసనయు తగ్గును. ఫ్రిజ్‌లో పెట్టిన టమాటా చారునకు రుచి యియ్యదని తల్లికి ముందే తెలియును. అది గూడ ప్రసంగమున చేర్పవలసినదే. సంచిలోనిది అనుకొన్నట్లు ముందుగా పండకున్నచో, పండలేదనియే చెప్పవలెను.

2023 జూలైలో మదనపల్లెలో కిలో నూఱు రూపాయలు దాటినది. మఱియొకప్పుడు కోతకూలికైన చాలక కాయలను రోడ్డుప్రక్క పారబోయుదురు. కాయ రెండు దినములు ఆలస్యముగా పండినచో రైతు కేమి మిగులును? ఈ లెక్క తండ్రి నడిగి వ్రాసికొనిన బాలికను ఉపాధ్యాయుడు ఎట్టి ప్రశ్న వేసినను భయము లేదు.

ముందురాత్రి అవ్వ యెదుట ఒకసారి చెప్పించుడు. "అదేమే?" అని ఆమె అడిగినచోట మాట మార్చవలెను. ఆ మూడు కాయలను మాత్రము ఎవ్వరును కూరలో వేయకుండ చూచుకొనుడు.