పరీక్ష పట్నంలో, రోగి పల్లెలో

రోగమేమిటో తేలకుండా ఇచ్చే మందు చీకటిలో వేసిన బాణం వంటిది. జ్వరంతో వచ్చిన కూలీకి సోకింది మలేరియానో, టైఫాయిడో తేల్చుకునే సాధనం అందుబాటులో లేక రెండింటికీ మందులు రాసే వైద్యులు దేశంలో తక్కువేమీ కాదు. పట్నం వెళ్లి రక్తమిస్తే ఒకనాటి కూలి పోతుంది. ఫలితం కోసం మరునాడు మళ్లీ వెళితే ఆనాటి కూలీ పోతుంది. బస్సు చార్జీలు, పరీక్ష రుసుము అదనం. అందుకే ముదిరేదాకా పరీక్షను వాయిదా వేయడం పేదలకు అలవాటైపోయింది.

ప్రభుత్వాలు ఈ సమస్యను గుర్తించలేదని అనలేము. రాజస్థాన్ 2013లోనే ప్రభుత్వాసుపత్రులలో ఉచిత పరీక్షల పథకం ప్రారంభించింది. 2015లో కేంద్రం జాతీయ ఆరోగ్య మిషన్ కింద ఉచిత రోగనిర్ధారణ సేవలకు శ్రీకారం చుట్టింది. తరువాతి మార్గదర్శకాల ప్రకారం ఉపకేంద్రంలో 14, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో 63, జిల్లా ఆసుపత్రిలో 134 రకాల పరీక్షలు అందాలి. తెలంగాణ 2018లో ఆరోగ్య కేంద్రాలలో నమూనాలు సేకరించి కేంద్రీయ ప్రయోగశాలకు పంపే పద్ధతిని హైదరాబాదులో ఆరంభించింది. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో ప్రారంభించిన ఫ్యామిలీ డాక్టర్ విధానం కింద నెలకు రెండుసార్లు వైద్యుడే గ్రామానికి వచ్చే ఏర్పాటు చేశారు.

అయితే జాబితా ప్రకటించినంత మాత్రాన పరీక్ష జరగదు. టెక్నీషియన్ ఉండాలి, రసాయనాలు ఉండాలి, యంత్రం పనిచేయాలి. కేంద్రం 2015 ప్రాంతంలో ప్రభుత్వాసుపత్రుల వైద్య పరికరాల లెక్క తీయించినప్పుడు రాష్ట్రాన్ని బట్టి 13 నుంచి 34 శాతం దాకా మూలపడి ఉన్నాయని వెల్లడైంది. కొనుగోలుపై చూపిన శ్రద్ధ మరమ్మతుపై చూపకపోతే జరిగేది ఇదే.

పరీక్షలు పెరిగితే చాలదు. వాటిని కోరే వైద్యుడు, ఫలితం చూసి చికిత్స నడిపే వైద్యుడు ఒక్కరే కావాలి. ఆ బంధం లేనిచోట వ్యాపారం చొరబడుతుంది. రోగిని పంపినందుకు వైద్యుడు కమీషన్ తీసుకోరాదని 2002 నాటి వైద్య మండలి నియమావళి నిషేధించినా ఆ దురాచారం అంతరించలేదు. రోగి కుటుంబ చరిత్ర తెలిసిన స్థానిక వైద్యుడు ఏ పరీక్ష అవసరమో, ఏది అనవసరమో చెప్పగలడు. దేశంలో మధుమేహ పీడితులు 10.1 కోట్ల మంది ఉన్నారని 2023లో ప్రచురితమైన వైద్య పరిశోధనా మండలి అధ్యయనం అంచనా వేసింది. వీరికి ఒక్కసారి చేసే పరీక్ష చాలదు; ఏళ్ల తరబడి ఒకే వైద్యుని కనిపెట్టి ఉండే చూపు కావాలి.

పరీక్షలు ఉచితమైతే దుర్వినియోగం పెరుగుతుందనే వాదన ఉంది. దానికి విరుగుడు పరీక్షలను దూరం చేయడం కాదు, వాటిని ప్రాథమిక వైద్యుని చేతిలో పెట్టడం. వైద్యుడు గ్రామానికి వచ్చే రోజుకు ముందే నమూనాలు సేకరించి, ఆయన వచ్చేసరికి ఫలితాలు సిద్ధం చేస్తే రోగికి పట్నం ప్రయాణం తప్పుతుంది. టెక్నీషియన్ల ఖాళీలు నింపడం, రసాయనాలకు ప్రత్యేకంగా నిధులు కేటాయించడం, ఫలితానికి గడువు విధించడం పాలకులకు అసాధ్యమైన పనులు కావు. కొత్త పథకానికి కొత్త పేరు వెతికే ముందు, ఉన్న ఆరోగ్య కేంద్రంలో రేపు ఉదయం రక్తపరీక్ష జరుగుతుందో లేదో చూడడం మేలు.