మీటరు బద్ద దగ్గర పరిశుద్ధత

సూరత్‌లో సలాబత్‌పురాలోనో, కాస్త అవతల లింబాయత్‌లోనో తెలుగువాళ్లు కూడుకునే ప్రార్థన గదుల్లో పరిశుద్ధత మీద బోధ మొదలైతే అది ఏ దారిన పోతుందో విన్నవాళ్లందరికీ తెలుసు. నగలు, పూలు, బొట్టు, సినిమా, అన్యుల ఇంటి పెళ్లి భోజనం. ఇవి మానినవాడు వేరుపడినవాడు, మాననివాడు లోకస్థుడు. తెలుగు సంఘాల్లో ఈ లెక్క ఎంతగా పాతుకుపోయిందంటే దాన్ని ప్రశ్నించినవాడి విశ్వాసాన్నే శంకిస్తారు. అయినా అంటాను: ఇది తప్పు లెక్క. ఒంటి మీదా ఇంట్లోనూ కనిపించేవాటికి మార్కులు వేసి, రోజుకు పన్నెండు గంటలు మనిషి బతికే చోటును వదిలేసే పరిశుద్ధత బైబిల్లో లేదు.

పరిశుద్ధులై ఉండండన్న ఆజ్ఞ లేవీయకాండం 19వ అధ్యాయం మొదట్లో ఉంది. మన బోధకులు చాలామంది ఆ రెండో వచనం చదివి అక్కణ్నుంచి నగల మీదికి వెళ్లిపోతారు. దేవుడు మాత్రం అటు వెళ్లలేదు. పంట కోసేటప్పుడు పొలం అంచులు పేదవాడికి వదలమన్నాడు. కూలివాడి కూలి తెల్లారేదాకా నీ దగ్గర ఉంచుకోవద్దన్నాడు. చెవిటివాణ్ని తిట్టొద్దని, గుడ్డివాడి దారిలో అడ్డం పెట్టొద్దని అన్నాడు. చివరికొచ్చేసరికి కొలకర్ర, త్రాసు, తూనికరాళ్లు సరిగ్గా ఉండాలన్నాడు. ఒంటి మీద పచ్చబొట్టు వద్దన్న మాట అదే అధ్యాయంలో ఉంది, రెండు రకాల నూలు కలిపి నేసిన బట్ట వద్దన్న మాటా ఉంది. పచ్చబొట్టు వచనం మనకు కంఠస్థం. కలనేత వచనాన్ని ఈ మిల్లుల ఊళ్లో ఎవరూ అక్షరాలా పట్టుకోరు, పట్టుకోమని నేనూ అనను. కానీ ఒకదాన్ని ఎత్తి, కూలివాడి వచనాన్నీ కొలకర్ర వచనాన్నీ దాటేసే హక్కు మనకెవరిచ్చారు?

సూరత్ తెలుగువాళ్లకు ఆ రెండు వచనాలూ దూరపు సంగతులు కావు. కరీంనగర్, వరంగల్, నల్గొండ వైపు నుంచి మగ్గం చేతబట్టిన కులాలవాళ్లు, వాళ్ల వెనక ఇంకెందరో ఈ ఊరికి వచ్చింది బట్ట కోసమే. పవర్‌లూమ్ మీద నేసిన గ్రే బట్ట రంగుల మిల్లుకు పోతుంది, తిరిగి రింగ్ రోడ్డు మార్కెట్లకు చేరుతుంది, మడతపడి పార్సిలై దేశం మీదికి వెళ్తుంది. ఆ దారి పొడుగునా కొలతే. చీర చీటీ మీద జాకెట్ ముక్కతో కలిపి 6.30 మీటర్లని రాస్తారు. ఒక్కో చీరకు పది సెంటీమీటర్లు తగ్గించి కోస్తే వెయ్యి చీరల దగ్గర వంద మీటర్లు మిగులుతుంది. అంటే పదిహేను చీరలకు పైగా బట్ట. కొన్నావిడకు కొంగు ఎందుకు పొట్టిగా ఉందో ఎప్పటికీ తెలియదు. ఆ కత్తెర పట్టుకున్నవాడు విశ్వాసి అయితే, అతని భార్య మెడలో గొలుసు లేకపోవడం దేవుడి ముందు ఏ లెక్కకు వస్తుంది?

నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఇళ్లలో జరిగే పని. ట్యూబ్‌లైటు కింద చాప మీద చీర పరుచుకుని, బంక చుక్క పెట్టి ఒక్కో రాయి అతికించే ఆడవాళ్లు ఈ బస్తీల్లో గల్లీ గల్లీకీ ఉన్నారు. మెడ వంచితే మధ్యాహ్నం దాకా ఎత్తరు. వాళ్లలో మన సహోదరీలూ ఉన్నారు, ఆ పని తెచ్చిచ్చి తీసుకెళ్లే మనిషి మన సహోదరుడైన చోట్లూ ఉన్నాయి. సేఠ్ దగ్గర నుంచి డబ్బు రాలేదంటూ నెలన్నర తిప్పుతాడు. ఆ అక్క బోసి చెవులు పరిశుద్ధత లెక్కలోకి వస్తాయి. ఆమెకు రావాల్సిన కూలి మాత్రం ఎవరి పాపం లెక్కలోకీ రాదు. కోతవాళ్లకు ఇవ్వకుండా బిగపట్టిన కూలి దేవుడికి మొరపెడుతుందని యాకోబు తన పత్రికలో రాశాడు. ఆ మొర చెవిన పడని సంఘంలో రాత్రంతా ప్రార్థన చేస్తే ఏం లాభం?

ఆదివారం సంగతీ చూడండి. లూమ్ కారిఖానాలో షిఫ్టు పన్నెండు గంటలు. శనివారం రాత్రి ఎక్కినవాడు ఆదివారం పొద్దున దిగుతాడు, చెవుల్లో మరమగ్గాల మోత ఇంకా తగ్గకముందే ఆరాధనకు వస్తాడు, వాక్యం మధ్యలో కునుకు తీస్తాడు. వేదిక మీద నుంచి ఐతుకు కథతో అతనికి చురక పడుతుంది. అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయం తీసి చదవండి. పౌలు ప్రసంగం అర్ధరాత్రి దాకా సాగింది, ఐతుకు నిద్రలో మూడో అంతస్తు కిటికీ నుంచి పడ్డాడు. పౌలు అతన్ని ఒక్క మాటా అనలేదు. మెట్లు దిగి వెళ్లి కౌగిలించుకున్నాడు. మనం నిద్రపోయినవాణ్ని గద్దిస్తాం. అతనికి నిద్ర లేకుండా చేసిన కారిఖానా యజమాని విశ్వాసి అయితే ముందు వరసలో కుర్చీ వేస్తాం.

ఎదుటివాదంలో బలం లేదని కాదు. వేరుపడాలన్న బోధ ఈ బస్తీల్లో ఎన్నో ఇళ్లను నిలబెట్టింది. గుజరాత్ పుట్టిన 1960 నుంచీ ఇక్కడ మద్యనిషేధం ఉన్నా దొంగసారా ఎక్కడ దొరుకుతుందో అందరికీ తెలుసు. రక్షణ పొంది తాగుడు మానిన భర్త పగార్ మొత్తం తెచ్చి చేతిలో పెట్టిన రోజు ఆ ఇల్లాలు ఏడ్చిన ఏడుపును నేను తక్కువ చేయను. నగలు వద్దన్న మాట కట్నాల బరువు దించిన ఇళ్లూ ఉన్నాయి. దాన్ని కాదనను. అక్కడే ఆగిపోవడాన్ని కాదంటున్నాను. తాగుడు మానినవాడు దొంగ కొలత మానకపోతే, అతను వదిలింది తనకు చేటు చేసే పాపాన్ని మాత్రమే. పక్కవాడికి చేటు చేసేది అలాగే ఉంది.

రక్షణ కృప వల్లే గానీ క్రియల వల్ల కాదు కదా అనేవాళ్లకు జక్కయ్యను గుర్తుచేస్తాను. ఆయన ఇంటికి కృపే నడిచొచ్చింది. వచ్చాక జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానన్నాడు. ఆ ఇంటికి రక్షణ వచ్చిందని యేసు చెప్పింది ఆ మాట విన్నాకే.

బజారు పని లోకపు పని, సంపూర్ణ సేవకు సమర్పించుకున్నవాడిదే పరిశుద్ధ జీవితం అన్న మాట కూడా మన కుర్రాళ్ల మనసులు పాడుచేస్తోంది. పౌలు కొరింథులో అకుల, ప్రిస్కిల్లల ఇంట డేరాలు కుడుతూ బతికాడు. ఫిలిప్పీలో మొదట నమ్మిన లూదియ ఊదారంగు సరుకు అమ్మే వ్యాపారి. ఆమె రింగ్ రోడ్డుకు వస్తే అరగంటలో సరుకు నాణ్యం తేల్చేస్తుంది.

సువార్త ఈ ఊరికి కొత్త కాదు. 1805లో విశాఖపట్నం వచ్చిన లండన్ మిషనరీ సొసైటీయే 1815లో సూరత్‌కూ మనుషుల్ని పంపింది. వాళ్లు ఇక్కడే కూర్చుని బైబిలును గుజరాతీలోకి తెచ్చారు. ఇప్పుడు 2003 మతస్వేచ్ఛ చట్టం ఉంది, మతం మారాలంటే జిల్లా మేజిస్ట్రేట్ దాకా వెళ్లాలి, నోరు విప్పడానికే మనవాళ్లు జంకుతున్నారు. ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ అరువు సరుకు ఎత్తుకుని రాత్రికి రాత్రి దుకాణం ఖాళీ చేసే ఉఠమణా మోసాలతో జనం సలాబత్‌పురా పోలీస్ స్టేషన్ మెట్లెక్కే చోట, చెప్పిన తేదీకి చెప్పినంత కట్టే వ్యాపారి ఏ అనుమతీ అక్కర్లేకుండా సాక్ష్యం ఇస్తున్నాడు.

నిజాయితీగా ఉంటే ఈ మార్కెట్లో మునుగుతామంటారు. మునగవచ్చు. అందుకే ఇది ఒక్కడి మీద వేసే బరువు కాకూడదు. నష్టపోయినవాడికి సంఘం పెట్టె తెరుచుకోవాలి. కొత్త సౌండ్ బాక్సులకు పోగయ్యే డబ్బు దీనికి పోగవదా? కానుక తెచ్చినవాణ్ని, నీ మీద ఎవరికైనా బాకీ ఉందా అని ముందు అడగాలి. బలిపీఠం దగ్గర అర్పణ వదిలి, ముందు వెళ్లి సహోదరుడితో సమాధానపడమన్నది క్రీస్తే.

దీపావళికి మార్కెట్లు మూతపడితే మళ్లీ లాభ పాంచమ్‌కే తెరుచుకుంటాయి. లెక్కలు తేలేదీ, కూలీలు ఊరికెళ్లే టికెట్టు డబ్బుల కోసం తిరిగేదీ దీపావళి ముందు వారంలోనే. ఈ ఏడు ఆ వారం ఉపవాస ప్రార్థనలు పెట్టే సంఘ పెద్దలు ఒక పూట మానుకుని, కారిఖానాలున్న, పని పంచే విశ్వాసుల ఇళ్లకు వెళ్లాలి. మీ దగ్గర పనిచేసినవాళ్లందరి పైసా పైసా ముట్టిందా అని కూర్చుని అడగాలి. ముట్టలేదంటే, ముట్టేదాకా ఆ ఇంటి దశమభాగం తీసుకోకుండా లేచి రావాలి.