పాత ల్యాప్‌టాప్‌లో గేమ్ ల్యాగ్ అవుతోందా? కొత్తది కొనే ముందు కింది కవర్ ఒకసారి విప్పి చూడండి

పోయిన మే నెలలో మా బాబాయ్ కొడుకు విజయవాడ నుంచి ఫోన్ చేశాడు. బీటెక్ మూడో సంవత్సరం. "అన్నయ్యా, ల్యాప్‌టాప్ పని అయిపోయింది. జీటీఏ 5 ఆడితే 20 ఎఫ్‌పీఎస్ కూడా రావట్లేదు. కొత్తది ఏది కొనాలో చెప్పు" అన్నాడు. గ్యాజెట్ల గురించి రాసేవాడిని కదా, చుట్టాల్లో ఎవరు ఏం కొనాలన్నా ఫోన్ నాకే వస్తుంది. బడ్జెట్ ఎంత అని అడిగాను. "నాన్న చీటీ పాడతానన్నాడు" అన్నాడు.

ఆ చీటీ సంగతి నాకు తెలుసు. చెల్లి కాలేజీ ఫీజు కోసమని బాబాయ్ రెండేళ్లుగా కడుతున్నాడు. అందుకే మోడల్ పేరేదీ చెప్పలేదు. "ముందు ఒక్క పని చెయ్‌రా. గేమ్ మొదలుపెట్టగానే ఎఫ్‌పీఎస్ ఎంత ఉందో, పావుగంట ఆడాక ఎంత ఉందో చూసి పంపు" అన్నాను.

సాయంత్రానికి పంపాడు. మొదట్లో 60కి కాస్త అటూ ఇటూ. పావుగంట తర్వాత 22.

ఆ రెండు అంకెలు చూడగానే కొత్త ల్యాప్‌టాప్ మాట పక్కన పెట్టేశాను. గేమ్ మారలేదు, సెట్టింగ్స్ మారలేదు, గ్రాఫిక్స్ కార్డు మారలేదు. మొదటి ఐదు నిమిషాలు 60 ఇచ్చిన మెషీన్‌కి 60 ఇచ్చే సత్తా ఉన్నట్టే. తర్వాత ఏదో దాన్ని ఆపుతోంది. పాత ల్యాప్‌టాప్ గురించి నన్ను ఎవరడిగినా ఇప్పుడు నేను మొదట వేసే ప్రశ్న ఇదే: ఎఫ్‌పీఎస్ ఎప్పుడు పడిపోతోంది? చాలామంది ఎంత వస్తోందో మాత్రమే చూసి, కార్డు పాతబడిపోయిందని తీర్పు ఇచ్చేస్తారు.

మొదటి నిమిషం నుంచీ తక్కువే వస్తుంటే అది నిజంగా హార్డ్‌వేర్ శక్తి చాలకపోవడం, లేదా సెట్టింగ్స్ ఎక్కువ పెట్టుకోవడం. సగటున బాగానే ఉండి, మధ్యమధ్యలో అరక్షణం బిగుసుకుపోతుంటే ర్యామ్ మీదో హార్డ్ డిస్క్ మీదో అనుమానపడాలి. బాగా మొదలై పావుగంటకు కూలబడితే మాత్రం కారణం దాదాపు ఎప్పుడూ వేడే. నా దగ్గరకు వచ్చే పాత ల్యాప్‌టాప్ ఫిర్యాదుల్లో ఎక్కువ ఈ మూడో రకమే.

వేడికీ ఎఫ్‌పీఎస్‌కీ ఏంటి సంబంధం అంటారా? ల్యాప్‌టాప్‌లలో వాడే చాలా ఇంటెల్ ప్రాసెసర్లకు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఒక గీత ఉంటుంది. ఆ గీత దగ్గరపడగానే ప్రాసెసర్ తనని తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించేసుకుంటుంది. దీన్నే థర్మల్ థ్రాట్లింగ్ అంటారు. మావాడిది 2018లో కొన్న ల్యాప్‌టాప్. అందులో ఐ5 8300హెచ్ ప్రాసెసర్, జీటీఎక్స్ 1050 కార్డు ఉన్నాయి. ఆ ప్రాసెసర్ గరిష్ఠ వేగం 4 గిగాహెర్ట్జ్. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేయించి చూస్తే, గేమ్ మధ్యలో అది 98 డిగ్రీలకు ఎక్కి, వేగం ఒకటిన్నర గిగాహెర్ట్జ్ కిందికి జారిపోతోంది. ఇలాంటి చాలా ల్యాప్‌టాప్‌లలో ప్రాసెసర్‌కీ గ్రాఫిక్స్ కార్డుకీ వేడిని మోసుకెళ్లే రాగి పైపులు ఉమ్మడిగా ఉంటాయి. ఒకటి కాగితే రెండోదీ కాగుతుంది. పైగా విజయవాడ, మే నెల. లోపలికి వెళ్లే గాలే 40 డిగ్రీలు దాటి ఉంటే ఫ్యాన్ మాత్రం ఏం చల్లబరుస్తుంది? ఆ ల్యాప్‌టాప్ ఉండేదేమో మంచం మీద, దుప్పటి మీద. కింద గాలి పీల్చుకునే రంధ్రాలన్నీ మూసుకుపోయి.

వచ్చే వారం నేనే వెళ్లాను. కింది కవర్ విప్పితే ఫ్యాన్ రెక్కల మీద ధూళి పెద్దగా లేదు. అసలు సంగతి దాని వెనకాల ఉంది. ఫ్యాన్‌కీ, సన్నటి రేకుల వరస ఉండే హీట్‌సింక్‌కీ మధ్య ధూళి అంతా కలిసి ఒక పీచు గుడ్డలా పేరుకుపోయింది. పట్టకారుతో లాగితే ముక్కగా ఊడి వచ్చింది. ఆరేడేళ్లుగా ఆ ఫ్యాన్ గోడకేసి గాలి విసురుతోందన్నమాట. ప్రాసెసర్ మీది థర్మల్ పేస్ట్ ఎండి, గోకితే పొడిలా రాలింది.

మీరు చేసుకోవాలంటే కొన్ని జాగ్రత్తలు చెబుతాను. ఇవి యూట్యూబ్‌లో రెండు నిమిషాల వీడియోల్లో మింగేసే విషయాలు. కవర్ తీయగానే ముందు బ్యాటరీ కనెక్టర్ ఊడదీయాలి, ఆ తర్వాతే మిగతావి ముట్టుకోవాలి. స్క్రూలన్నీ ఒకే పొడవు ఉండవు. ఏది ఎక్కడిదో కాగితం మీద బొమ్మ గీసి, దాని మీదే పెట్టుకోండి. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్‌ని వేలితో కదలకుండా పట్టుకోవాలి. లేకపోతే అది పిచ్చి వేగంతో తిరిగి బేరింగ్ పాడవుతుంది. హీట్‌సింక్ స్క్రూల పక్కన 1, 2, 3 అని అంకెలుంటాయి, బిగించేటప్పుడు ఆ వరసే పాటించండి. పాత పేస్ట్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రంగా తుడిచి, కందిగింజంత కొత్త పేస్ట్ చిప్ అంతా పల్చగా పరుచుకునేలా వేయాలి. గ్రాఫిక్స్ మెమరీ చిప్‌ల మీద మెత్తని థర్మల్ ప్యాడ్లు ఉంటాయి, వాటిని చింపొద్దు. పేస్ట్ మిగిలింది కదా అని వాటి బదులు పేస్ట్ పూయొద్దు. ఇంకా వారంటీ ఉన్న మెషీన్ అయితే మీరు విప్పకండి. చెయ్యి వణుకుతుందనుకుంటే రిపేర్ షాపుకి తీసుకెళ్లండి, కానీ పని అయ్యేదాకా పక్కనే నిలబడండి. నేను వెళ్లేలోపు మావాడు ఒక సర్వీస్ సెంటర్‌కి వెళ్తే, కవర్ కూడా విప్పకుండా మదర్‌బోర్డు మార్చాలని చెప్పి పంపించారు.

అన్నీ బిగించి మళ్లీ అదే గేమ్, అదే సెట్టింగ్స్. గంటసేపు ఆడినా ప్రాసెసర్ 85 దాటలేదు. ఎఫ్‌పీఎస్ 55 కిందికి రాలేదు. అయిన ఖర్చు పేస్ట్‌కి కొన్ని వందల రూపాయలు, నా బస్సు టికెట్టు.

ఇక్కడితో ఆగి ఉంటే మంచి కథే. కానీ ఆ ల్యాప్‌టాప్‌లో ఇంకోటి దొరికింది: గేమ్ బూస్టర్. ఒక్క క్లిక్‌తో ఎఫ్‌పీఎస్ రెట్టింపు అని చెప్పే రకం. దాంతోపాటు ఏదో వీడియో కింది లింకులో దొరికిన ఒక బ్యాట్ ఫైల్. ఆ రెండూ కలిసి విండోస్ అప్‌డేట్‌ని ఆపేశాయి, డిఫెండర్‌నీ ఆపేశాయి. అంటే ఎఫ్‌పీఎస్ కోసం ఇంటి తలుపులు తీసి పడుకున్నట్టు. ఈ బూస్టర్లు చేసేది వెనకాల నడిచే ప్రోగ్రాములను మూసేయడం. అది మీరు టాస్క్ మేనేజర్‌లో చేసుకోవచ్చు. క్రోమ్‌లో ఇరవై ట్యాబులు తెరిచి ఉంటే మూయండి, స్టార్టప్‌లో అక్కర్లేనివి ఆపండి, అయిపోయింది. 98 డిగ్రీల్లో ఉడుకుతున్న చిప్‌ని ఏ సాఫ్ట్‌వేరూ చల్లబరచలేదు. వీటిని ఊరికే రాసినా సిఫార్సు చేయకూడదని నా అభిప్రాయం. చాలా సైట్లు రాస్తాయి, అది వేరే విషయం.

ఉచితంగా దొరికే అసలైన బూస్టర్ ఒకటుంది, రిజల్యూషన్. 1080పీలో కార్డు ప్రతి ఫ్రేమ్‌కీ దాదాపు 20.7 లక్షల పిక్సెళ్లు గీయాలి. 900పీలో 14.4 లక్షలు. 720పీలో 9.2 లక్షలే. 15 అంగుళాల స్క్రీన్ మీద 900పీకీ 1080పీకీ తేడా ఆటలో పడ్డాక పెద్దగా గుర్తుండదు. గేమ్‌లో ఎఫ్‌ఎస్‌ఆర్ ఉంటే అది వాడండి. ఏఎండీ 2021లో తెచ్చిన ఈ పద్ధతి తక్కువ రిజల్యూషన్‌లో గీసి పెద్దది చేసి చూపిస్తుంది, పాత ఎన్విడియా కార్డుల మీదా పనిచేస్తుంది. డీఎల్‌ఎస్‌ఎస్ కోసం వెతక్కండి, దానికి ఆర్టీఎక్స్ కార్డు కావాలి. తర్వాత తగ్గించాల్సింది షాడోస్. టెక్స్‌చర్ క్వాలిటీని మాత్రం అందరూ ముందు తగ్గించేస్తారు. గ్రాఫిక్స్ మెమరీ సరిపోతున్నంతవరకు దాన్ని తగ్గించినా ఎఫ్‌పీఎస్ పెద్దగా పెరగదు, ఆట మాత్రం అసహ్యంగా తయారవుతుంది.

ఇంకో మాట, కొందరికి నచ్చదు. ఎఫ్‌పీఎస్‌కి పరిమితి పెట్టండి. 40కీ 70కీ మధ్య ఎగిరి గంతులేసే గేమ్ కంటే 45 దగ్గర కదలకుండా నిలబడే గేమ్ చేతికి హాయిగా ఉంటుంది. 60 ఎఫ్‌పీఎస్ అంటే ఫ్రేమ్‌కి 16.7 మిల్లీసెకన్లు. ఒక ఫ్రేమ్ 14కీ, పక్కది 25కీ వస్తే సగటు ఎంత ఉన్నా కన్నుకి కుదుపే తెలుస్తుంది. పరిమితి పెడితే కార్డు కాస్త ఊపిరి తీసుకుంటుంది, వేడీ తగ్గుతుంది. ఇంకా వేడి ఎక్కువగానే ఉంటే విండోస్ పవర్ ఆప్షన్స్‌లో ప్రాసెసర్ గరిష్ఠ స్థితిని 100 నుంచి 99 శాతానికి మార్చి చూడండి. ఆ ఒక్క శాతంతో టర్బో బూస్ట్ ఆగిపోతుంది, వేడి గభాలున పడుతుంది. గ్రాఫిక్స్ కార్డు మీద భారం వేసే గేమ్‌లకు ఇది బాగా కలిసొస్తుంది. వాలొరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 లాంటివి ప్రాసెసర్ మీద ఆధారపడతాయి కాబట్టి వాటికి నష్టం కూడా రావచ్చు. ఒకసారి అలా, ఒకసారి ఇలా ఆడి చూసుకోండి. ఛార్జర్ పెట్టకుండా ఆడుతూ ఎఫ్‌పీఎస్ రావట్లేదనేవాళ్లు కూడా ఉన్నారు. బ్యాటరీ మీద గ్రాఫిక్స్ కార్డుకి పూర్తి కరెంటు అందదు బాబూ.

ర్యామ్ సంగతి త్వరగా చెప్పేస్తా. టాస్క్ మేనేజర్‌లో మెమరీ దగ్గర రెండు స్లాట్లలో ఒకటే వాడుతున్నట్టు కనిపిస్తే, రెండో స్లాట్‌లో అదే రకం, అదే వేగం ఉన్న ఇంకో స్టిక్ వేయించండి. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాప్‌టాప్‌లకు ఇది అన్నిటికంటే పెద్ద మార్పు. ఎందుకంటే వాటి గ్రాఫిక్స్ వాడుకునేది ఆ ర్యామ్‌నే. హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ వేస్తే సగటు ఎఫ్‌పీఎస్ పెరగదు, కానీ ఓపెన్ వరల్డ్ గేమ్‌లలో పరిగెడుతుంటే వచ్చే కుదుపులు తగ్గుతాయి.

ఇవన్నీ చేసినా కుదరనివి ఉన్నాయి, అబద్ధం చెప్పను. ఇండియానా జోన్స్ అండ్ ది గ్రేట్ సర్కిల్, డూమ్ ది డార్క్ ఏజెస్ లాంటి గేమ్‌లకు రే ట్రేసింగ్ హార్డ్‌వేర్ ఉన్న కార్డు తప్పనిసరి. జీటీఎక్స్ 1050 మీద ఎన్నిసార్లు పేస్ట్ మార్చినా అవి ఆడవు. పాత కార్డులకు కొత్త గేమ్‌ల కోసం డ్రైవర్లు రావడమూ ఆగిపోతోంది. 2025 అక్టోబర్‌తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు కూడా అయిపోయింది. ఎనిమిదో తరం ఇంటెల్ అయితే విండోస్ 11కి వెళ్లొచ్చు, ఏడో తరం దాదాపు అన్నిటికీ అధికారికంగా ఆ దారి లేదు. మీరు ఆడాలనుకునేవి అలాంటి కొత్త గేమ్‌లే అయితే డబ్బు కూడబెట్టుకుని కొత్తది కొనండి, నేను కాదనను. కానీ నాతో మాట్లాడే పిల్లల్లో ఎక్కువమంది ఆడేది జీటీఏ 5, వాలొరెంట్, మైన్‌క్రాఫ్ట్.

ఇందులో మాలాంటి రివ్యూలు రాసేవాళ్ల తప్పు కూడా ఉంది. ల్యాప్‌టాప్ కొత్తగా పెట్టెలోంచి తీసి, ఏసీ గదిలో, చదునైన బల్ల మీద పెట్టి, గ్రాఫ్ గీసి స్టార్లు ఇచ్చేస్తాం. ఐదేళ్లు దుమ్ము తిన్నాక, ఏసీ లేని గదిలో, మే నెలలో అది ఎలా ఆడుతుందో ఎవరం పరీక్షించం. కింది కవర్ విప్పడం సులువా కాదా, ఫ్యాన్ శుభ్రం చేయాలంటే మదర్‌బోర్డు మొత్తం బయటికి తీయాలా అన్నది నేను కూడా ఏ రివ్యూలోనూ రాయలేదు. ఇకనుంచి నా రివ్యూలో అదొక విభాగంగా ఉంటుంది.

బాబాయ్ చీటీ పాడలేదు. మావాడికి రెండో ర్యామ్ స్టిక్ మాత్రం కొనిపెట్టాను. వచ్చేటప్పుడు ల్యాప్‌టాప్ వెనక పాదాల కింద రెండు వాటర్ బాటిల్ మూతలు పెట్టి, గాలి ఆడాలంటే అవి అలాగే ఉండాలని, కూలింగ్ ప్యాడ్‌కి డబ్బు తగలేయొద్దని మరీ మరీ చెప్పాను. మొన్న వీడియో కాల్‌లో చూస్తే ల్యాప్‌టాప్ మళ్లీ దుప్పటి మీదే ఉంది. మూతలేవిరా అంటే, "అమ్మ ఊడ్చేసింది అన్నయ్యా" అన్నాడు.